మీ ఛార్జింగ్ కేబుల్‌లో ఓ రెసిస్టర్ ఉంది, తెలుసా?

ఫైనలియర్‌లో నా మొదటి కోర్ ఇంటర్వ్యూ బెంగళూరులో, ఓ చిప్ డిజైన్ కంపెనీలో. అరగంట సేపు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ అడిగారు. బాగానే చెప్పాను. చివర్లో ప్యానెల్‌లోని పెద్దాయన టేబుల్ మీదున్న ఫోన్ కేబుల్ పైకెత్తి, "ఒకవైపు టైప్-ఎ, ఇంకోవైపు టైప్-సి. దీని లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది. విలువ ఎంత? ఎందుకు పెట్టారు?" అన్నారు. "కేబుల్‌లో రెసిస్టరేంటి సార్?" అని నేనే ఎదురు ప్రశ్న వేశా. ఫలితం మీరే ఊహించుకోండి!

జవాబు 56 కిలో ఓమ్‌లు. ఆ అంకె ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ నాకు కనిపించలేదు. అది ఉన్న డాక్యుమెంట్‌ని పోటీ కంపెనీల ఇంజినీర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాశారు. కోర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు ఈ బల్ల సంగతి కాస్త తెలుసుకోవాలి.

1990ల మొదట్లో కంప్యూటర్ వెనక ఎవరి కుంపటి వారిదే. కీబోర్డుకో పోర్టు, ప్రింటర్‌కి ఇంకోటి, మోడెమ్‌కి మరోటి. ఈ గోల పోవాలని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డెక్, ఎన్ఈసీ, నార్టెల్... ఈ ఏడు కంపెనీలు కలిశాయి. ఇంటెల్ తరఫున ముందుండి నడిపించిన అజయ్ భట్ బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీలో చదువుకున్నారు. 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 వచ్చింది.

మార్కెట్‌లో ఒకరి కస్టమర్లను ఒకరు లాక్కునేవాళ్లు ఇక్కడ ఎందుకు కలుస్తారు? ఒకరి మౌస్ ఇంకొకరి కంప్యూటర్‌లో పనిచేయకపోతే ఇద్దరి సరుకూ అమ్ముడుపోదు కాబట్టి. అంతేగానీ ప్రేమతో కాదు.

పని రెండు అంచెల్లో జరుగుతుంది. స్పెసిఫికేషన్ (ఇంజినీర్ల మాటల్లో స్పెక్) రాయించే బాధ్యత 'ప్రమోటర్ గ్రూప్'ది. దాని కింద ఎలక్ట్రికల్, మెకానికల్, ప్రోటోకాల్ వంటి విషయాలకు వర్కింగ్ గ్రూపులు. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం నుంచి నడిచే లాభాపేక్ష లేని సంస్థ 'యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరం' దాన్ని జనంలోకి తీసుకెళ్తుంది. కంపెనీలకు వెండర్ ఐడీలు ఇవ్వడం, లోగోకి లైసెన్స్ ఇవ్వడం, పరీక్షల వర్క్‌షాపులు పెట్టడం దాని పనే. మీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంటే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టి చూడండి. లాజిటెక్ మౌస్ పక్కన 046డి అని కనిపిస్తుంది. అది ఫోరం ఇచ్చిన నంబరే.

మంచి టెక్నాలజీ ఉంటే చాలదనడానికి ఫైర్‌వైర్ కథ చాలు. యూఎస్‌బీ సెకనుకు 12 మెగాబిట్ల దగ్గరున్నప్పుడే అది 400 మెగాబిట్లు పంపేది. కానీ 1999లో యాపిల్ పోర్టుకి ఒక డాలర్ రాయల్టీ అడుగుతోందన్న వార్త గుప్పుమంది. ఆ తర్వాత పేటెంట్లున్న కంపెనీలన్నీ కలిసి పరికరానికి 25 సెంట్లకు దిగొచ్చాయి. యూఎస్‌బీలోనేమో అవసరమైన పేటెంట్లకు సభ్యులు రాయల్టీ తీసుకోకూడదని ఒప్పందం. చౌక మౌస్‌లు, పెన్‌డ్రైవ్‌లు చేసేవాళ్లు ఎటు వెళ్తారు? ఫైర్‌వైర్ వీడియో కెమెరాల దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు ఆ 56 కిలో ఓమ్‌ల దగ్గరికొద్దాం. 24 పిన్నుల టైప్-సి స్పెక్ 2014 ఆగస్టులో వచ్చింది. అందులో సీసీ అనే పిన్ ద్వారా "ఎంత కరెంటు తీసుకోవచ్చు" అన్నది ఫోన్‌కి తెలుస్తుంది. పాత టైప్-ఎ పోర్టుకి ఆ భాష రాదు. అందుకే దాని తరఫున కేబుల్‌లోని రెసిస్టర్ మాట్లాడుతుంది. 56 కిలో ఓమ్‌లు ఉంటే "మామూలుగానే తీసుకో" అని, 10 కిలో ఓమ్‌లు ఉంటే "3 ఆంపియర్లు లాగెయ్" అని అర్థం. అర ఆంపియర్ ఇవ్వగల పాత పోర్టు మీద 3 ఆంపియర్ల భారం పడితే ఏమవుతుందో ఈసీఈ వాళ్లకు చెప్పక్కర్లేదు.

గూగుల్ ఇంజినీర్ బెన్సన్ ల్యూంగ్ 2015లో అమెజాన్‌లో అమ్మే టైప్-సి కేబుళ్లు కొని, స్పెక్‌తో పోల్చి రివ్యూలు రాయడం మొదలెట్టారు. చాలావాటిలో 56కి బదులు 10 ఉంది. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్‌లో పవర్, గ్రౌండ్ తీగలు కూడా తారుమారై ఉండటంతో ఆయన ల్యాప్‌టాపే పాడైపోయింది. మరుసటి నెలలోనే ప్రమాణాలకు సరిపోని టైప్-సి కేబుళ్లను అమెజాన్ నిషేధించింది. ఆయన పట్టుకున్న ఆయుధం ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగల స్పెక్, దాన్ని చదివే ఓపిక. అంతే.

అలాగని ఈ గ్రూపులు తప్పులు చేయవనుకోకండి. పేర్ల విషయంలో వీళ్లు చేసిన గందరగోళానికి క్షమాపణే లేదు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 కాస్తా 3.1 జెన్ 1 అయింది, తర్వాత 3.2 జెన్ 1 అయింది. వేగం మాత్రం అదే 5 గిగాబిట్లు! పైగా ఎవరినీ బలవంతపెట్టే అధికారం వీళ్లకు లేదు. యాపిల్ 2015లోనే మ్యాక్‌బుక్‌కి టైప్-సి పెట్టింది, ఐఫోన్‌కి మాత్రం 2023లో. అదీ యూరోపియన్ యూనియన్ చట్టం చేశాక.

ఉద్యోగాల మాటకొస్తే, స్పెక్‌లో 'తప్పనిసరిగా' అని ఉన్న ప్రతి వాక్యాన్నీ చిప్ పాటిస్తోందో లేదో ఎవరో ఒకరు పరీక్షించాలి. డిజైన్ వెరిఫికేషన్, పోస్ట్ సిలికాన్ వాలిడేషన్, ఫర్మ్‌వేర్, కంప్లయన్స్ టెస్టింగ్ ఉద్యోగాలు ఇవే. సినాప్సిస్, క్వాల్‌కామ్, ఏఎండీ వంటి కంపెనీలకు హైదరాబాద్‌లోనే డిజైన్ కేంద్రాలున్నాయి. సిస్టమ్ వెరిలాగ్ కోర్సు సర్టిఫికెట్ మీ బ్యాచ్‌లో చాలామంది దగ్గర ఉంటుంది. స్పెక్‌లో ఒక్క అధ్యాయమైనా చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు?

మొత్తం చదవమనను, నేనూ చదవలేదు. ఫోరం వెబ్‌సైట్‌లో టైప్-సి స్పెక్ ఉచితం. నాలుగో అధ్యాయంలో 4.5 దగ్గర సీసీ పిన్ గురించి ఉంటుంది. మొదటిసారి బుర్రకెక్కదు. ఓ పాత కేబుల్, మల్టీమీటర్ పక్కన పెట్టుకుని రెండోసారి చదవండి.

రెండో ఇంటర్వ్యూకి నేను అలాగే వెళ్లాను. రెసిస్టర్ గురించి ఎవరూ అడగలేదు. "ఈ మధ్య ఏం చదివావు?" అన్నారు. ఇరవై నిమిషాలు దాని గురించే మాట్లాడాను.