సొంత కట్ట - ఊరి క్షేమము

కోనసీమవారికి గట్టు విలువను ప్రత్యేకముగా చెప్పవలసిన పని లేదు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. వీని మధ్యనున్న అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములకు వర్షాకాలమున ఏటిగట్టే కోటగోడ. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల వరద వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడెను. 2006లో మరల పడెను. గండి యన నేమో ఇచ్చటి పెద్దలు కన్నులార చూచినవారే.

ఏటిగట్టు ప్రభుత్వమువారిది. వరద హెచ్చరిక వచ్చినంతనే దానిపై కాపలా పెట్టుదురు, ఇసుక బస్తాలు చేర్చుదురు. అట్టి కాపలా లేని కట్టలు వేరే కలవు. విహారమునకో, చేపల వేటకో, విడిదియింటి ముందు నీరు కనులపండువుగా నిలుచుటకో ఒక ఆసామి సొంత సొమ్ముతో వాగుకు అడ్డముగా వేయించుకొను చిన్న ఆనకట్టలను గూర్చి నేడు ముచ్చటింతము. కోనసీమ సమతలము గనుక అట్టి కట్టలకు ఇచ్చట తావు తక్కువ. అయినను మన చేపల చెరువుల గట్లు, తోటలలోని కొలనుల గట్లు ఆ జాతివే. మట్టి అదే, నీరు అదే, గండి పడు తీరును అదే.

సొంత కట్ట ఎంత కీడు చేయగలదో అమెరికాలోని జాన్స్‌టౌన్ పట్టణపు కథ చెప్పును. ఆ పట్టణమునకు ఎగువన సుమారు 14 మైళ్ల దూరమున, సౌత్ ఫోర్క్ అనుచోట, 72 అడుగుల ఎత్తుగల మట్టికట్ట యుండెను. పెన్సిల్వేనియా రాష్ట్రమువారు పడవల కాలువకు నీరందించుటకై దానిని కట్టించిరి. రైళ్లు వచ్చిన పిమ్మట కాలువ మూలబడెను, కట్ట చేతులు మారెను. నడుమ వచ్చిన యజమాని అడుగున నీరు వదలు ఇనుపగొట్టములను తీసి పాత ఇనుము క్రింద అమ్మివేసెను. 1879లో పిట్స్‌బర్గు సంపన్నులు విహార సంఘముగా ఏర్పడి ఆ కట్టను, దాని వెనుకనున్న సరస్సును కొనిరి. వారు గొట్టములను మరల అమర్చలేదు. కట్టపై గుఱ్ఱపుబండ్లు పోవుటకై దాని శిరమును కొంత దించి వెడల్పు చేసిరి. పెంచిన చేపలు కొట్టుకొనిపోకుండ అలుగునకు అడ్డముగా జాలి బిగించిరి.

1889 మే 31న కుంభవృష్టి కురిసెను. కొట్టుకొనివచ్చిన చెత్త జాలికి పట్టుకొని అలుగు మూసికొనిపోయెను. నీరు కట్టపై పొర్లి, మధ్యాహ్నము సుమారు మూడు గంటల వేళ కట్ట తెగెను. గంట తిరుగకముందే జాన్స్‌టౌన్ నీటిపాలయ్యెను. 2,209 మంది మరణించిరి. ఆనాడు తంతి హెచ్చరికలు వెళ్లకపోలేదు. కట్ట తెగునని యేటేట విని విని జనులు వానిని లక్ష్యపెట్టలేదు.

గొట్టములు అమ్మినవాడు డబ్బు చూచెను. కట్ట దించినవారు బండిదారి చూచిరి. జాలి కట్టినవారు చేపలను చూచిరి. నీటిదారిని చూచినవారు లేకపోయిరి.

మనకు దగ్గరి ఉదాహరణమును కలదు. 2024 జూలై 18న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అశ్వారావుపేట మండలమందలి పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్ట తెగెను. దాని మూడు గేట్లలో ఒకటి తెరచుకొనలేదు. నీరు రాష్ట్రపు సరిహద్దు దాటి వేలేరుపాడు, కుక్కునూరు మండలములలోని పల్లెలపై పడెను. అది ప్రభుత్వపు కట్ట. యజమాని యెవరైనను ఫలము ఒక్కటే.

మట్టికట్ట ముఖ్యముగా రెండు విధముల చెడును. మొదటిది పైనుండి. కట్ట శిరమున ఒకచోట పల్లముండిన, అలుగు చాలనప్పుడు నీరంతయు అచ్చటికే చేరి బయటివాలును కోసివేయును. రెండవది లోపలినుండి. ఎలుకలు, పందికొక్కులు, ఎండ్రకాయలు చేసిన బొరియలు, చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లిపోయి మిగిల్చిన బోలు జాడలు నీటికి దారి యిచ్చును. ఆ దారిన నీరు సన్నగా మొదలై, మట్టిని వెంటగొనిపోవుచు, తుదకు బుంగయగును.

కట్ట అడుగున కొద్దిపాటి ఊట సహజమే. అది తేటగా నున్నంతవరకు కనిపెట్టి యుండిన చాలును. ఊట పెరిగినను, బురదగా మారినను లోపల మట్టి కరగుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు తొందరపడి బయటి రంధ్రమును బిగించుట తప్పు. అణగిన నీరు మరియొక దారి వెదకికొనును. బుంగ చుట్టును ఇసుక బస్తాలు పేర్చి, లోపల నీరు కొంత ఎత్తు నిలువనిచ్చుట ఏటిగట్లపై అనుభవమున్నవారి పద్ధతి. నిలిచిన నీరు ఎదురొత్తిడి కలిగించి మట్టిపోతను తగ్గించును. దానితోపాటు చెరువు మట్టమును తూము ద్వారా దించవలెను, దిగువవారికి తెలుపవలెను.

చట్టము సంగతి యేమి? 2021నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు పైబడినవానికి, 10 నుండి 15 మీటర్ల మధ్యనుండి కొన్ని లక్షణములుగల వానికి వర్తించును. అట్టివానిని వర్షాకాలమునకు ముందును, వెనుకను పరీక్షింపవలెనని అది నిర్దేశించెను. మన తోటలలోని చిన్న గట్లు ఈ లెక్కకు రావు. కనుక ఆ పరీక్ష యజమానియే చేసికొనవలెను.

అది కష్టమైన పని కాదు. తొలకరికి ముందు గట్టంతయు కాలినడకన తిరుగవలెను. శిరమున పల్లములు పూడ్చవలెను, బొరియలు త్రవ్వి మట్టిపోసి దిమ్మిసకొట్టవలెను, తూము తెరచి మూసి చూడవలెను. అలుగు దారిలో పాక గాని, తుప్ప గాని యుండరాదు. చేపలు పోవునని అలుగునకు వలకట్టు అలవాటు మన చెరువులయందును లేకపోలేదు. కట్టినవారు వాన ముదిరినప్పుడు దానిని విప్పివేయవలెను. పోయిన చేపలను మరుసటి యేడు పెంచుకొనవచ్చును.

దిగువన నిదురించువారికి ఆ కట్ట యెవరిదో తెలియకపోవచ్చును. నిదుర చెడకుండ చూచు బాధ్యత మాత్రము కట్ట యజమానిదే.