నాలుగు గంటల మారథాన్‌కు పదహారు వారాలు

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఈ దూరమే 1921లో అధికారికంగా స్థిరపడింది. పేరున్న మారథాన్లలో బెర్లిన్ సెప్టెంబరు చివర్లో, షికాగో అక్టోబరులో, న్యూయార్క్ నవంబరు మొదట్లో జరుగుతాయి. శరదృతువు చల్లదనం పరుగుకు అనుకూలం. పైగా బెర్లిన్, షికాగో దారులు దాదాపు చదునుగా ఉంటాయి. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ 2023లో 2 గంటల 35 సెకన్లలో గమ్యం చేరింది షికాగోలోనే. నాలుగు గంటల్లో ముగించాలనుకునే సాధారణ రన్నర్లూ ఇలాంటి దారులనే కోరుకుంటారు. శిక్షణకు కనీసం 16 వారాలు కావాలి. అంటే బెర్లిన్‌కు వెళ్లేవారు మృగశిర కార్తె ప్రవేశించే వేళకే మొదలుపెట్టాలి.

లక్ష్యం ఆశను బట్టి కాక, ఉన్న సత్తాను బట్టి పెట్టుకోవాలి. అమెరికన్ ఇంజనీరు పీట్ రీగల్ 1970లలో రూపొందించిన సూత్రం ప్రకారం, దూరం రెట్టింపైతే సమయం సుమారు 2.085 రెట్లవుతుంది. ఈ లెక్కన నాలుగు గంటల మారథాన్‌కు హాఫ్ మారథాన్‌ను 1 గంట 55 నిమిషాల్లో పూర్తిచేసే శక్తి ఉండాలి. రెండు గంటల పది నిమిషాలు పట్టేవారు ఈసారికి నాలుగున్నర గంటలు అనుకోవడం మేలు.

నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. రోజూ అదే వేగంతో పరుగెత్తాలనుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. వారంలో పరుగెత్తే దూరంలో ఎక్కువ భాగం, దాదాపు 80 శాతం, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగాలి. గుండె, రక్తనాళాలు, కండరాలు దీర్ఘశ్రమకు అలవాటుపడేది ఈ నెమ్మది పరుగుతోనే. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియర్డ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన పీటర్ స్నెల్, ముర్రే హాల్‌బర్గ్‌లను ఇలాంటి పునాది మీదే తీర్చిదిద్దాడు.

వారానికి నాలుగైదు రోజుల పరుగు చాలు. మొదట్లో 30 కిలోమీటర్లున్న వారపు దూరాన్ని క్రమంగా 55, 60కి పెంచి, మూడు నాలుగు వారాలకోసారి కొంత తగ్గించాలి. కండరాల కన్నా స్నాయువులు, ఎముకలు ఆలస్యంగా గట్టిపడతాయి. తొందరపడితే మడమ, మోకాలు, పిక్క ఎముక నొప్పులు తప్పవు. ఆదివారపు లాంగ్ రన్ 16 కిలోమీటర్లతో మొదలై 30, 32 వరకు పెరగాలి.

జూన్, జులైల ఎండ, ఉక్క వల్ల గుండె వేగం పెరుగుతుంది. శరీరం వేడికి అలవాటుపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందాకా గడియారాన్ని కాక, పడుతున్న శ్రమను చూసుకుని తెల్లవారుజామునే పరుగెత్తాలి.

ఎనిమిదో వారం నుంచి లక్ష్య వేగానికి చోటివ్వాలి. వారానికోసారి ఇరవై, ముప్పై నిమిషాల టెంపో రన్, అంటే కాస్త కష్టమనిపించే నిలకడ వేగపు పరుగు, చేయాలి. కొన్ని లాంగ్ రన్లలో చివరి పది కిలోమీటర్లు 5.41 వేగంతో సాగాలి. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లోని హాఫ్ విభాగం బెర్లిన్‌కు మంచి పరీక్ష. అయితే అక్కడి ఉక్కను, ఫ్లైఓవర్ల ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి.

కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజన్ ఇచ్చే శక్తి దాదాపు 2,000 కేలరీలు. 70 కిలోల మనిషికి మారథాన్‌లో దాదాపు 2,900 కేలరీలు ఖర్చవుతాయి. కొవ్వు కొంత ఆదుకున్నా, 30 కిలోమీటర్లు దాటాక చాలామంది ఒక్కసారిగా డీలాపడటానికి ప్రధాన కారణం గ్లైకోజన్ తరిగిపోవడమే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాన్ని జెల్స్, ఖర్జూరాలు, స్పోర్ట్స్ డ్రింక్ రూపంలో తీసుకోవాలి. కడుపుకు ఏది పడుతుందో లాంగ్ రన్లలోనే తేల్చుకోవాలి. దాహాన్ని మించి నీళ్లు తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవారు ముందే డాక్టరును సంప్రదించాలి.

చివరి పెద్ద లాంగ్ రన్ పోటీకి మూడు వారాల ముందు ముగియాలి. ఆ తర్వాత వేగం వదలకుండా దూరాన్ని తగ్గిస్తూ రావడమే టేపరింగ్. పోటీ రోజున మొదటి సగానికి రెండు గంటలకు ఒకటి రెండు నిమిషాలు మాత్రమే తక్కువ తీసుకోవాలి. మలుపుల్లో దూరం కొంత పెరుగుతుంది కనుక వాచీలో 5.38 కనిపించడం క్షేమం. వేడిగా ఉంటే లక్ష్యాన్ని ఆ ఉదయమే సడలించుకోవాలి. 32వ కిలోమీటరు దాకా వేగాన్ని అదుపులో ఉంచుకున్నవారికే చివరి పదింటికి కావలసిన బలం మిగులుతుంది.