త్రైరాశికం: సాధన సోపానాలు - బోధనలో విస్మృతమైన తొలి ప్రశ్న

వ్యాస సంగ్రహం:
పాఠశాల గణితంలో త్రైరాశికాన్ని గుణకార, భాగహారాల క్రమంగా మాత్రమే నేర్పితే, ఆ సూత్రం ఎక్కడ వర్తిస్తుందో విద్యార్థికి తెలియదు. వర్తనను పరీక్షించే ప్రశ్నే సాధనలో తొలి సోపానం కావాలని మూడు లెక్కల ద్వారా నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: త్రైరాశికం, ఇచ్ఛాఫలం, ఏకవస్తు పద్ధతి, అనులోమానుపాతం, విలోమానుపాతం.

1. ప్రవేశిక:
తెలిసిన మూడు రాశుల నుండి నాలుగో రాశిని కనుగొనే పద్ధతి త్రైరాశికం. సా.శ. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదం దీనిని సూత్రీకరించింది. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి, ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం లభిస్తుంది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన అనువదించడంతో ఈ గణిత సంప్రదాయం తెలుగు పద్యంలోకి ప్రవేశించింది.

2. సూత్రం - సాధన:
5 కిలోల బియ్యం వెల 260 రూపాయలు. 8 కిలోల వెల ఎంత?

ప్రమాణం 5, ఫలం 260, ఇచ్ఛ 8. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతి రాశులు కావాలి. ఇక్కడ రెండూ కిలోలే.
గుణకారం: 260 × 8 = 2080.
భాగహారం: 2080 ÷ 5 = 416 రూపాయలు.

ఏకవస్తు పద్ధతిలో ముందు భాగహారం చేస్తాం: 260 ÷ 5 = 52; 52 × 8 = 416. ఫలితం ఒకటే అయినా నడుమ వచ్చే సంఖ్యల స్వభావం వేరు. 52 అంటే కిలో వెల అని విద్యార్థి చెప్పగలడు. 2080కి అటువంటి అర్థం అతనికి స్ఫురించదు. అయితే భాగహారం నిశ్శేషంగా జరగనప్పుడు, భిన్నాన్ని చివరి మెట్టు వరకు రానీయకపోవడం ప్రాచీన సూత్రంలోని సౌలభ్యం.

3. సూత్రం వర్తించని సందర్భాలు:
ఒక పొలంలో ఆరుగురు 4 రోజుల్లో నాట్లు వేస్తారు. ఎనిమిది మందికి ఎన్ని రోజులు పడుతుంది? పై క్రమాన్నే అనుసరిస్తే 4 × 8 = 32; 32 ÷ 6 = 5⅓ రోజులు. గుణకారంలో గానీ భాగహారంలో గానీ దోషం లేదు. కానీ మనుషులు పెరిగితే పని ఆలస్యమైందని ఆ సమాధానం చెబుతోంది! మొత్తం పని 6 × 4 = 24 పనిదినాలు; 24 ÷ 8 = 3 రోజులు. దీనినే భాస్కరాచార్యుని లీలావతి (1150) వ్యస్త త్రైరాశికంగా వేరుచేసి చెప్పింది.

మూడు చీరలు ఎండలో 2 గంటల్లో ఆరితే, ఆరు చీరలు ఎంతసేపట్లో ఆరుతాయి? పక్కపక్కన ఆరవేసే చోటుంటే 2 గంటలే. ఇక్కడ అనులోమం లేదు, విలోమమూ లేదు.

4. బోధనలో అన్వయం:
కనుక రాశులను అమర్చక ముందే విద్యార్థి ఒక వాక్యం రాయాలి: "ఇచ్ఛ రెట్టింపైతే ఫలం రెట్టింపవుతుందా, సగమవుతుందా, మరోలా ఉంటుందా?" ఫలం "పెరుగుతుంది" అంటే చాలదు. కనీస ఛార్జీ ఉన్న ఆటోలో దూరంతోపాటు కిరాయి పెరుగుతుంది. దూరం రెట్టింపైనంత మాత్రాన కిరాయి రెట్టింపు కాదు.

ఈ వాక్యం లేని జవాబుపత్రంలో 5⅓ను కొట్టివేసిన ఉపాధ్యాయునికి విద్యార్థి ఎక్కడ పొరబడ్డాడో తెలియదు. గుణకారం రాదని భావించి ఎక్కాలు తిరిగి వల్లె వేయిస్తే, రాని విషయం అలాగే మిగిలిపోతుంది.

5. ముగింపు:
త్రైరాశికంలో గణన సులభం, నిర్ణయం కష్టం. ఆ నిర్ణయాన్ని సాధనలో ఒక మెట్టుగా రాయించి, దానికీ మార్కులు కేటాయించినప్పుడే సూత్రం విద్యార్థి వశమవుతుంది.