హంగరీ నుంచి వచ్చిన కారం సంచి

పల్నాడులో రెండెకరాల మిరప రైతు ఒకాయన, ఇల్లాలితో కలిసి జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లి రెండు నెలలుండి వచ్చాడు. ఆ రెండు నెలల్లో కొడుకు వాళ్లని రైలెక్కించి హంగరీ రాజధాని బుడాపెస్ట్ కూడా చూపించాడు. పరాయి దేశం పోయినవాళ్లు చుట్టపక్కాలకు ఏదో ఒకటి తేవాలి కదా. ఇక్కడేం దొరుకుతుందని అడిగితే అందరూ ఒకటే చెప్పారు. అదే తెచ్చారు. గుప్పెడంత గుడ్డ సంచి, దాని మీద రంగు దారాలతో కుట్టిన పువ్వులు, మూతికి కట్టిన చిన్న కొయ్య గరిటె. లోపల చూస్తే ఎర్రటి కారం!

మిరప పండించేవాడు కారం కొనుక్కుని విమానం ఎక్కాడని ఊళ్లో నవ్వుకున్నారు. ఇల్లాలు చిటికెడు నాలిక మీద వేసుకుని, "ఇదేం కారమండీ, కుంకుమలా ఉంది గానీ మంటే లేదు" అన్నది.

ఆ మంట లేకపోవడంలోనే ఉంది దాని ఖరీదంతా. ఆ కారం పేరు పాప్రికా. మిరప మనకెలాగో వాళ్లకూ అలాగే బయటి పంట. అమెరికా ఖండం నుంచి ఓడల్లో ఐరోపాకు చేరింది. మనకు పోర్చుగీసువాళ్లు తెస్తే, హంగరీకి తురుష్కుల ద్వారా వచ్చింది. అందుకే మొదట్లో వాళ్లు దాన్ని తురుష్కుల మిరియం అనేవారు. దక్షిణాన సెగెడ్, దానికి కొంత ఎగువన కలోచా అనే ఊళ్ల చుట్టుపక్కల పొలాలు ఈ పంటకు పేరుపడ్డాయి.

మొదట్లో అదీ మండే కారమే. కాయలో మంట ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు పట్టుకుని ఉండే తెల్లటి ఈనెల్లో. ఆడవాళ్లు కూర్చుని ఆ ఈనెలను చేత్తో తీసేవారు. 1859లో సెగెడ్‌లో పాల్ఫీ సోదరులు ఈనెలు, గింజలు వేరుచేసి తియ్యటి కారం పట్టే పద్ధతి తెచ్చారు. ఆ తర్వాత రంగు మిగిలి మంట తగ్గిన కారం దేశాలు దాటింది. ఇప్పుడు మంట లేని రకాలే ఎక్కువగా వేస్తున్నారు. గింజల్ని కొంత కలిపి మరపట్టిస్తారు. గింజలోని నూనె వల్ల రంగు బాగా తేలుతుంది.

కోసిన కాయను వాళ్లు వెంటనే ఎండలో పరిచేవారు కాదు. సూదీ దారంతో దండలు గుచ్చి ఇంటి చూరుకు వేలాడదీసేవారు. అక్కడ గాలికి వారాల తరబడి మెల్లగా ఆరుతూ కాయ ఇంకా పండేది, ఎరుపు ఇంకా చిక్కబడేది. ఇప్పుడు యంత్రాలతో ఆరబెట్టేవారు చాలామంది ఉన్నా ఆ దండలు మాత్రం అంగళ్లలో వేలాడుతూనే ఉన్నాయి. యాత్రికులు వాటినీ కొనుక్కుపోతారు.

ఇదే మిరపలో విటమిన్ సి దండిగా ఉందని సెగెడ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త సెంట్ జ్యార్జీ కనుక్కున్నాడు. ఒకనాటి రాత్రి భార్య భోజనంలో మిరపకాయ పెడితే తినబుద్ధికాక ప్రయోగశాలకు పట్టుకుపోయానని ఆయనే చెప్పుకున్నాడు. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. భార్య వండిపెట్టింది తిననివాళ్లందరికీ అలాంటి అదృష్టం పట్టదు లెండి.

పేరు ఎంత తొందరగా పోతుందో...

ఇంత పేరున్న కారానికి 1994లో దెబ్బ తగిలింది. పాత సరుకుకు ఎరుపు రావడానికి కల్తీదారులు సీసం కలిసిన ఎర్ర రంగుపొడి కలిపారు. పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పదేళ్లకు, 2004 అక్టోబరులో, మరో దెబ్బ. చవగ్గా వస్తోందని బ్రెజిల్, స్పెయిన్ దేశాల నుంచి తెప్పించి కలిపిన కారంలో బూజు విషం అఫ్లాటాక్సిన్ బయటపడింది. పరీక్షలు తేలేదాకా దేశమంతటా పాప్రికా అమ్మకం ఆపేశారు. కలిపినవాడు వ్యాపారి, మరపట్టినవాడు మిల్లువాడు. సొంత చేలో శుభ్రంగా పండించుకున్న చిన్న రైతు సరుకు కూడా ఆ రోజుల్లో అంగట్లో నిలిచిపోయింది.

ఇప్పుడు సెగెడ్, కలోచా కారాలకు ఐరోపా సమాఖ్య ఇచ్చిన రక్షిత పేరు ఉంది. పొట్లం మీద ఎరుపు, పసుపు రంగుల గుండ్రటి ముద్ర వేస్తారు. ఆ ప్రాంతంలో పండి, అక్కడే మరపట్టిన సరుకుకే ఆ పేరు. ఫ్రాన్సులో ఎస్పెలెట్ మిరపకూ ఇలాంటి రక్షణే ఉంది. 2000లో సొంత దేశంలో గుర్తింపు వచ్చింది. పది గ్రామాల్లో పండిందానికే ఆ పేరు చెల్లుతుంది. అక్కడి ఇళ్ల ముందు గోడలకు ఎర్రటి దండలు వేలాడుతుంటే చూడ్డానికే జనం వస్తారు. ఏటా అక్టోబరు చివర్లో మిరప పండగ చేస్తారు. కారాన్ని కిలోల్లో కాదు, చిన్న చిన్న గాజుసీసాల్లో గ్రాముల లెక్కన అమ్ముతారు.

మీ పిల్లలు ఎవరైనా అటు వెళ్తే ఒక మాట చెప్పండి. గుడ్డ సంచి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, వెలుతురుకు కారం రంగు పోతుంది. ఎన్నాళ్లు కొక్కేనికి వేలాడిందో తెలియదు. తినడానికైతే ముద్ర, తేదీ ఉన్న మూసిన డబ్బా మంచిది. ఎదేష్‌నెమెష్ అని ఉంటే తియ్యటిది, ఎరోష్ అని ఉంటే మండేది. బుడాపెస్ట్‌లో 1897లో తెరిచిన పెద్ద మార్కెట్ ఉంది. అందులో రెండూ దొరుకుతాయి.

మన కల్లంలో సంగతి

గుంటూరు సన్నాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మంట తక్కువ, రంగు ఎక్కువ ఉండే వరంగల్ చపాటా మిరపకు 2025లో వచ్చింది. పాప్రికాకు దగ్గరి చుట్టం ఈ చపాటాయే. అయితే యార్డులో మన టిక్కీ మీద ఊరి పేరు ఉండదు, చేను పేరు ఉండదు. మచ్చు చూసి ధర కడతారు. పది మంది సరుకు ఒకే రాశిలో కలుస్తుంది. ఒకరి కాయలో బూజు ఉంటే పది మందీ మోయాలి.

2003లో మన దేశపు కారంలో సుడాన్ అనే నిషిద్ధ రంగు బయటపడ్డాక, ఐరోపా దేశాలు పరీక్ష కాగితం లేనిదే సరుకు దించుకోమన్నాయి. అఫ్లాటాక్సిన్‌లో ముఖ్యమైన బి1 కిలో మిరపలో 5 మైక్రోగ్రాములు మించితే అక్కడ అమ్మనివ్వరు. రంగు కలపడం రైతు పని కాదు. బూజు మాత్రం కల్లంలోనే మొదలవుతుంది. కోసిన కాయ రాత్రి మంచుకు తడవకుండా కప్పాలి. వట్టి నేల మీద కాకుండా పట్టాల మీదో సిమెంటు కల్లంలోనో ఆరబెట్టాలి. తాలుకాయ, మచ్చకాయ వేరుచేయాలి. తేమ 10-11 శాతానికి దిగాకే తొక్కాలి. కాయ విరుగుతుందనీ తూకం వస్తుందనీ టిక్కీ తొక్కేముందు నీళ్లు చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. బూజును పిలిచేది ఆ నీళ్లే.

పల్నాడు ఆయన ఈ ఏడు రెండు పట్టాలు అదనంగా కొన్నాడు. పది కిలోల కాయ విడిగా ఆరబెట్టి, ఈనెలు తీయించి పట్టిస్తాడట. "ఊరి పేరు రాసి ఇస్తే హైదరాబాదులో ఎవరైనా కొంటారేమో చూద్దాం" అంటున్నాడు. ఈనెలు తీసే పని మాత్రం ఇల్లాలు ఒప్పుకోలేదు, చేతులు మండుతాయని. హంగరీ సంచి వంటింట్లో మేకుకు వేలాడుతోంది. కారం అయిపోయింది. ఆ కొయ్య గరిటె ఇప్పుడు ఉప్పుడబ్బాలో ఉంది.