చక్రాల కుర్చీకి ప్రమాణ మేల?

నడువలేని సోదరునకు చక్రాల కుర్చీ ఇచ్చినంతనే మన బాధ్యత తీరదు. వాలుమీద అది వెనుకకు ఒరిగినచో మేలునకు మారు కీడే కలుగును. కావుననే అట్టి పరికరములకు ప్రమాణములు ఏర్పడినవి.

1947లో ప్రారంభమైన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలో మన దేశమునకు ప్రాతినిధ్యము వహించునది భారతీయ ప్రమాణాల సంస్థ. కుర్చీ ఒరగక నిలుచునా, బ్రేకులు పట్టునా, దెబ్బలకు తాళునా అని పరీక్షించు విధమును 'ఐ.ఎస్.ఓ. 7176' ప్రమాణములు తెలుపును. కేంద్ర ప్రభుత్వము 1981 నుండి నడుపుచున్న 'అడిప్' పథకము ఉద్దేశము దివ్యాంగులకు మన్నికగల, ప్రామాణికమైన పరికరముల నందించుటయే.

మన విశాఖపట్నమున ఉక్కు కర్మాగారము చెంత, 2018 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. అచట వైద్య పరికరములు తయారగుటయే గాక, పరీక్షాశాలలును గలవు.

పంచాయతీ సభ్యులు చేయవలసినదియు కలదు. గ్రామమున కుర్చీ పంచిననాడు దానిలో కూర్చుండువానినే కూర్చుండబెట్టి, బ్రేకులు వేసి చూడవలెను. పంచాయతీ కార్యాలయమునకు మెట్లతోపాటు, అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవున వాలుబాట కట్టించవలెను. ఎంతటి ప్రమాణముగల కుర్చీయైనను తనంత తాను గడప నెక్కలేదు గదా!