మీకు తెలుసా? పారాణి రంగులో నానో పాఠం

చోడవరం మీదుగా మాడుగుల దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే పాడేరు మన్యం, పసుపుకు పేరున్న నేల. ఆ పసుపులోని యాంటీ ఆక్సిడెంట్ పేరు కర్కుమిన్. సున్నం కలిపితే పసుపు పారాణిగా ఎర్రబడేది దానివల్లే. కానీ సున్నం లాంటి క్షారం తగిలితే కర్కుమిన్ త్వరగా విరిగిపోతుంది. నీటిలో సరిగా కరగదు కూడా. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని కొవ్వుతో చేసిన నానో కణాల్లో దాస్తున్నారు. నానోమీటరంటే మీటరులో 100 కోట్లవ వంతు.

* గట్టి కొవ్వు ఒక్కటే వాడితే, నిల్వలో అది క్రమంగా స్ఫటికాలుగా పేరుకుని కర్కుమిన్‌ను బయటికి నెట్టేయవచ్చు.
* కాస్త నూనె కలిపితే ఆ స్ఫటికాల వరుస చెదిరి, లోపల కర్కుమిన్‌కు చోటు మిగులుతుంది.
* లెసిథిన్ అనే కొవ్వు పదార్థం పైపొరగా చేరి, కణాలు ముద్దకట్టకుండా కాపాడుతుంది.

మందు ఎంత మంచిదైనా, నిలవడం మాత్రం తోడున్న దినుసులను బట్టే.