వాషింగ్టన్‌లో మాట... రూపాయికి వాత!

2013 మే 22. అమెరికా కేంద్రబ్యాంకు ‘ఫెడరల్‌ రిజర్వ్‌’ ఛైర్మన్‌ బెన్‌ బెర్నాంకీ అక్కడి చట్టసభ కమిటీ ముందు ఓ మాటన్నారు. నెలనెలా 8,500 కోట్ల డాలర్లతో కొంటున్న బాండ్లను మున్ముందు తగ్గించవచ్చని. ఇంకా తగ్గించనేలేదు. ఆ మాటకే ముంబయి నుంచి జకార్తా దాకా మార్కెట్లు వణికిపోయాయి.

ఎందుకంటారా? 2008 సంక్షోభం తర్వాత అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా. దాంతో అక్కడి సొమ్ము నాలుగు రాళ్లు ఎక్కువొచ్చే భారత్‌, బ్రెజిల్‌, టర్కీలకు తరలింది. అమెరికాలోనే రాబడి పెరుగుతుందనగానే వెనుదిరిగింది. అందరూ డాలర్లే అడిగితే రూపాయిని అడిగేదెవరు? మేలో 55 రూపాయల దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది.

పిల్లాడి అమెరికా చదువుకు 20 వేల డాలర్లు కట్టాల్సిన తండ్రి లెక్క చూడండి. మేలో 11 లక్షలు. ఆగస్టు ఆఖరుకు 13 లక్షల 60 వేలు. ఫీజు పెరగలేదు, రూపాయే తరిగింది!

దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. విదేశాల నుంచి వచ్చేదానికన్నా వాటికి చెల్లించేది ఎక్కువై, ఆ లోటును పరాయి సొమ్ముతో పూడ్చుకుంటున్న దేశాలే ఎక్కువ నలిగాయి. 2012-13లో మన లోటు జీడీపీలో 4.8 శాతం. బంగారంపై సుంకం 10 శాతానికి పెంచి, ప్రవాస భారతీయుల డాలర్‌ డిపాజిట్లను ఆకర్షించాకగానీ రూపాయి కుదుటపడలేదు.

పక్కచేను బోరును నమ్ముకుని నాట్లేస్తే, ఆయన మోటారు ఆపిన రోజున మన మడి ఎండక తప్పదు కదా!